బార్లీ విసిరిన చెయ్యి

హలో… ఆ, నేనే, వసుంధరని. చెప్పండి సుధాకరరావు అన్నయ్యగారూ… మా వారు సర్వర్ల పనిమీద ఊరి చివర తువాస్ వెళ్ళారు. సాయంత్రంగాని రారు…

నాతోనా?… సరే. ముందు నేనొకటి అడుగుతాను. మూడేళ్ళుగా లోపల తిరుగుతున్న అనుమానం. గుక్కెడైనా తాగనిదాన్ని, బీరు కాచి ఇస్తే ఆ పాపం నాదా, తాగినవాళ్ళదా?…

నవ్వకండి. నిజంగానే అడిగాను…

పోన్లెండి. ఏమైందసలు?… బార్లీ నీళ్ళు దిగడం లేదా… ముద్దకట్టిందా… గింజలు ఎలా పట్టారు?… మిక్సీలో. మెత్తగా, దోసెల పిండికి మల్లే…

అందుకే మరి. పొట్టు పిండైపోతే ఇంకేం వడకడుతుంది? ఆ పొట్టే జల్లెడ…

వచ్చే నెల మీ బాసు వస్తున్నాడా, మీ సెరంగూన్ కాండో ఫ్లాటుకి… మీ చేతి బీరేనని చెప్పేశారా…

అవును, మూడేళ్ళ కిందట చేశారు. మీరూ మా వారూ. బకెట్టు మోశారు, సీసాలకి మూతలు బిగించారు. బార్లీ విసిరిందెవరు? వేడి చూసిందెవరు? వార్చిందెవరు?…

గుర్తుందా. సంతోషం. మన భజనలు నడిపే రత్తమ్మ ఆంటీ భజనకొచ్చి, మా వంటింట్లో ఈ వాసనేమిటని అడిగిన రోజు మాత్రం గుర్తులేదు…

మా వారు ఏమన్నారు? "ఏమో ఆంటీ, వసుంధర ఏదో పులియబెడుతూ ఉంటుంది." అంతే కదా? మీరు పక్కనే తాళాలు వాయిస్తున్నారు. తాళం కూడా తప్పలేదు…

ఆ వారమే భజన మా హౌగాంగ్ ఫ్లాట్ నుంచి మీ ఇంటికి మారింది. నేను చేసిన చక్కెరపొంగలి తిరిగి నా ఇంటికే వచ్చింది. ఇప్పటికీ నా చేతి ప్రసాదం ఎవరూ ముట్టరు…

ఇప్పుడైనా ఆంటీతో ఒక్క మాట చెబుతారా? ఆ సరదా మీ ఇద్దరిదని?…

ఊఁ… చెబితే మీ ఇంట్లో భజన ఆగిపోతుందా… అవునవును. మా ఇంట్లో ఆగినప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు…

లేదండీ, బేరం కాదు. చెబుతాను. కాగితం తెచ్చుకోండి…

లిటిల్ ఇండియా బజారులో తిరగలి దొరుకుతుంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీనే వదులుగా విసరండి. గింజ రెండు ముక్కలైతే చాలు, పొట్టు చెదరకూడదు… నీళ్ళు డెబ్బైరెండు డిగ్రీలకి కాచండి, గింజలు పడితే అరవై ఏడుకి దిగుతుంది. మూతపెట్టి గిన్నెకి పాత బొంత చుట్టండి. గంటదాకా కదపొద్దు…

వార్చినప్పుడు మొదటి నీళ్ళు మళ్ళీ గింజల మీదే పోయండి, తేటపడేదాకా. ఆపైన వేడినీళ్ళు నెమ్మదిగా పోసి కడగండి. గింజల్ని పిండొద్దు, వగరొస్తుంది… ఆ హాప్స్ అనే చేదు పువ్వు వేసి గంట మరగనివ్వండి. తరవాత గిన్నె ఐసు టబ్బులో పెట్టండి. పూర్తిగా చల్లారాకే ఈస్టు…

రాసుకున్నారా?… థాంక్స్ ఎందుకు.

కంపెనీలు వరసగా మూతపడిన ఏడాది, మా వీసా గడువు ఇంకా పదకొండు రోజుల్లో తీరుతుందనగా, మా వారికి ఉద్యోగం ఇప్పించింది మీరే. ఆ విశ్వాసంతోనే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను…

మీరు అడగలేదు, నిజమే. ఎప్పుడూ అడగలేదు. తిన్న కూడు అడుగుతుంది కదా అన్నయ్యగారూ… మీకు తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఏముంది? ఈ విద్య ఒక్కటే. ఇచ్చేశాను. తీరిపోయింది.

శనివారం మీ ఇంట్లో భజనకి వస్తాను. ఆంటీ పక్కనే కూర్చుంటాను…

ఏముంది, జరిగిందే చెబుతాను. విసిరింది నేనేనని చెబుతాను, అది దాచను. ఎవరికోసం విసిరానో కూడా చెబుతాను…

ఆ కాగితం మాత్రం పారేసుకోకండి. ఉంటానండీ.