నాలుగు మడతల బట్ట

హలో… ఆ, నేనే కాక. సారికను… ఆ, మార్కు బిడ్డను.

…బాగనే ఉన్నం. గోలేటిల వానలున్నయా… మంచిది.

ఒక పని మీద చేసిన కాక. తీరికనేనా… ఏం లేదు, ఇయ్యాల కంపెనీ క్వార్టర్ అప్పజెప్పాలె. ఐదు గంటలకు తాళాలు ఆఫీసుల ఇయ్యాలె. పొద్దుగాల్నే కాయితం మీద అన్ని రాసుకున్న. కరెంటు మీటరు రాయించుడు—అయింది. గ్యాసు బండ తిరిగిచ్చుడు—అయింది. చర్చి కుర్చీలు ఆరు మన దగ్గర్నే ఉండిపోయినయి, బాపు పోయిన నాటివి. అవి పంపుడు—అయింది. అమ్మ కుట్టు మిషన్ మంచిర్యాలకు, నా రూముకు పంపుడు—అది గూడ… ఆ, అదే. నాలుగు కుట్లకొకటి తప్పేదే. పారేద్దామంటే కొట్లాడింది. బాపు బూట్లు ఎవరికన్న ఇచ్చుడు—అది కాలే, అమ్మ ఇయ్యనియ్యలే.

ఇగ మిగిలింది కారు తీసుడు.

…అదే, ఎనిమిది వందల సీసీ బండే. నువ్వు బాపు ఇద్దరు పోయి తెచ్చిన్రు గద. తొంభై ఏడు మోడల్.

…లేదు, స్టార్టయితది. సెల్ఫ్ కొట్టంగనే అయితది. నిలబెడితే గంటసేపు గూడ నడుస్తది. మొదటి గేరుల మెల్లగ పోతది. ఎక్సలేటర్ తొక్కితేనే… గురగుర అంటది. రెండు గుంజులు గుంజి బంద్ అయితది.

…పొగా. నల్లగ. మస్తు నల్లగ.

…పెట్రోలు నిన్ననే పోయించిన. ప్లగ్గులు మార్చిండు, పెట్రోల్ ఫిల్టర్ మార్చిండు… నర్సింగం అని, చౌరస్తా కాడి మెకానిక్. మార్చినంక ఏమన్నడో తెలుసా. బండిల ఏం లేదు మేడం, జర కాలు బరువు తగ్గించుండ్రి అన్నడు.

…నవ్వకు కాక.

…వేరే బండి మాట్లాడిన. అమ్మ ఎక్కనంటది. మీ బాపు బండిలనే ఈ ఊరు దాటుత, లేకుంటే ఇక్కడ్నే కూసుంట అంటది. పొద్దున్నుంచి మెట్ల మీద కూసున్నది.

కాక.

…ఆ రోజు గూడ గిట్లనే అయింది.

…ఏ రోజో నీకు తెలుసు గద.

మధ్యాహ్నం. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తుంటే బాపు చెయ్యి పట్టుకున్నడు. మన బండుండంగ ఎందుకు బిడ్డ అన్నడు. కరీంనగర్ తొవ్వల, రోడ్డు ఎక్కుడు మొదలైన కాడ బంద్ అయింది. మళ్ల స్టార్ట్ చేసిన. మళ్ల బంద్… ఐదు సార్లు. వెనుక బొగ్గు లారీలు ఒకటే హారన్లు. బాపు అమ్మ ఒళ్లె తల పెట్టి పండుకున్నడు. మెల్లగ పోనియ్ బిడ్డ, మెల్లగ పోతే పోతది, అన్నడు. మెల్లగ ఎట్ల పోనియ్యాలె కాక. ఊపిరి అందుతలేదు ఆయనకు.

…ఆ. అర్ధగంట ముందు తెస్తే చూసేటోళ్లమన్నడు డాక్టరు. అమ్మ గూడ పక్కకే ఉన్నది. విన్నది.

…ఆమె ఏమనలే. ఇప్పటిదాంక ఒక్క మాట అనలే. సువార్త అత్త అన్నది. మట్టి చేసిన కాడ, అందరి ముంగట. డిగ్రీ చదివితే బండి నడుపుడు వస్తదా అని.

…నిజమే కావచ్చు అనుకున్న కాక. మనింట్ల మొదలు చదివినదాన్ని నేనే. ఏదైనా కాయితం మీద రాసుకొని నేర్చుకునేదాన్ని. క్లచ్చి ఎప్పుడు, గేరు ఎప్పుడు, అట్లనే రాసుకొని నేర్చుకున్న. మూడు నెలలాయె… పండుకుంటే గూడ కుడికాలు తొక్కుతనే ఉంటది.

అందుకే నీకు చేసిన. నలభై ఏండ్లు వర్క్‌షాపుల చేసినవ్. ఒక్క మాట చెప్పు. తప్పు బండిదా, నాదా.

…సరే. బానెట్ తెరిచే ఉన్నది. స్పీకర్ పెట్టి బ్యాటరీ మీద పెడుతున్న ఫోను… వినవస్తుందా… ఆ.

…గుండ్రటి నల్ల డబ్బా. పళ్లెం లెక్క మూత. ఉన్నది… గాలి ఫిల్టరా. లేదు, నర్సింగం అది విప్పలే. నేనే వద్దన్న. అమ్మ చెప్పింది గద, అది కొత్తదే, దానికి రవ్వంత దుమ్ము తగలనియ్యలే మేము అని.

…విప్పుతున్న. క్లిప్పులు… ఒకటి పట్టేసింది… వచ్చింది. లోపలిది గూడ తియ్యాలెనా… తీసిన. నల్లగున్నది… సరే, తర్వాత చూస్త. అది పక్కన పెట్టి, ముందు స్టార్ట్ చెయ్యాలె.

…ఆ, నడుస్తుంది. ఏ తీగ… ఎక్సలేటర్ తీగనా, ఇదా. చేతితోని గుంజాలెనా… గుంజుతున్న…

కాక, వింటున్నవా.

బంద్ కాలే.

మళ్ల గుంజుత ఆగు… బంద్ కాలే కాక. పొగ గూడ లేదు.

…

…ఉన్న. ఒక్క నిమిషం. కండ్లల్ల… ఏం లేదు, చెప్పు.

…ఆ, బంద్ చేసిన. చూస్తున్న. ఇది ఫిల్టర్ కాదు కాక. ఫిల్టర్ లోపలున్నది, తెల్లగనే ఉన్నది. దాని మీద బట్ట. సంచి లెక్క కుట్టి తొడిగిన్రు. జారకుంట నాడ గూడ కట్టిన్రు. బొగ్గు దుమ్ము పట్టి అట్ట లెక్క అయింది.

…మడతలా. ఒకటి… రెండు… నాలుగు.

…ఆ, బాపు డ్యూటీకి పోయేటప్పుడు ముక్కుకు కట్టుకునేది గూడ నాలుగు మడతలే. నాకు యాదికున్నది. అమ్మ తడిపి, పిండి, చేతిల పెట్టేది.

…నీతోని ఎప్పుడన్నడు… పోయిన ఎండకాలమా… నా లోపలికి పోయింది చాలు, బండి లోపలికన్న పోవద్దు అన్నడా.

…నువ్వేదో మాటకన్నడనుకున్నవ్. నీ తప్పేముంది కాక. కట్టిండని నీకేమెరుక. ఆయన బొగ్గు బాయిల కరెంటు పంపుల కాడ పని చేసిన మనిషి. ఇంజన్‌కు గాలి కావాలెనని ఆయనకేమెరుక.

…నిజమే. ముప్పై స్పీడు దాటి ఎన్నడు తోలలే. చర్చికి, బజారుకు. రోజింత దుమ్ము పట్టుకుంట వచ్చింది, ఆయనకు తెల్వనే తెల్వలే. మెల్లగ పోతే పోతది అన్నడు గద… అంతవరకే ఎరుక.

…ఆ. బండిదే. నాది కాదు. విన్న కాక. మళ్లొకసారి అను.

…

…

…ఉన్న. బట్టను తిప్పి చూస్తున్న.

కాక, ఇది బాపు కుట్టలే.

…మిషన్ కుట్టు. నాలుగు కుట్లకొకటి తప్పింది. మొదలు నుంచి ఆఖరు దాంక గట్లనే ఉన్నది. లోపలి మడత నలుపు కాలే, గులాబి రంగు. అమ్మ చీర. ఈస్టర్‌కు కట్టేది.

…వద్దు.

…వద్దు కాక. నీ తప్పు లేదని మీ అమ్మకు చెప్పుకో బిడ్డ అంటున్నవ్. చెప్పిన అనుకో. మరెందుకు బంద్ అయింది అని అడుగుతది. అప్పుడు ఏం చూపియ్యాలె నేను. అర్ధగంట అన్న మాట ఆమె గూడ విన్నది.

…అత్త అంటే అననియ్యి. నేను బడికి పోత, పిల్లలకు చెప్పుకుంట, పొద్దు పోతది. ఆమెకు ఇప్పుడు ఏమున్నది. ఆ మిషన్ ముంగట కూసునుడే గద. రేపు దాని మీద చెయ్యి ఎట్ల పెడ్తది.

…ఆగు, వస్తుంది. మాట్లాడకు.

ఏం లేదమ్మా, ఎడ్వర్డ్ కాక… ఆ, గోలేటి నుంచి… బాగున్నడంట. బండిల ఏం లేదంట అమ్మా. నేనే తప్పు తొక్కుతున్న. నేర్పిస్తున్నడు… ఆ, వచ్చింది. ఇప్పుడొచ్చింది… ఏం చెయ్యాలె, ఆ రోజు రాలే… లేదు, నేనేం ఏడుస్తలేను. పొగకు…

ఇదా. చేతులు తుడుచుకున్న గుడ్డ. నర్సింగం వదిలిపెట్టి పోయిండు… ఉతుకుడెందుకమ్మా, మొత్తం నూనె. నీ చేతులకంటుతది, ముట్టకు… నువ్వు పోయి చెప్పులేసుకో. బాపు బూట్లు వెనుక సీట్ల పెట్టు. ఆ, జల్ది.

…పోయింది.

విన్నవా కాక… విన్నవు గద.

…నువ్వు ఏడ్వకు. నాకు తెలిసింది, చాలు. నీకొక్కనికి తెలిసింది.

…ఆ. ఫిల్టర్ ఒక్కటే పెట్టి మూత బిగియ్యాలె… పెట్టిన. మూడు క్లిప్పులు బిగిసినయి.

…పారెయ్య. సర్టిఫికెట్ల కవర్ల పెడుత. ఆ కవరు ఆమె తియ్యది. చదువు కాయితాలని దాన్ని ముట్టాలంటేనే ఆమెకు భయం.

…మెల్లగనే పోనిస్త. మంచిర్యాల తొవ్వల బ్రిడ్జి మీద ఒక్కసారి తొక్కి చూస్త.

కాక, ఇంకొకటి. ఆదివారం మీ చర్చిల గూడ బాపు పేరు చదువుతమన్నరు గద, మూడు నెలలు నిండినయని… ఆ. బాపును పాస్టరు యాది చేస్తడు, అందరు చేస్తరు. నువ్వు ప్రార్థనల అమ్మను యాది చేసుకో. పైకి అనకు, ఎందుకని ఎవరన్న అడుగుతరు. రెజీనా అని మనసుల అనుకో. ఆ ఒక్క ఆదివారమే కాదు… నీకు ఓపికున్నన్ని రోజులు.

…ఆ. రెజీనా.

…కూసున్నది కాక, ముంగట సీట్ల. బూట్లు ఒళ్లె పెట్టుకున్నది. ఇటే చూస్తున్నది. ఉంట. పెడుతున్న.