కీచుమనే బూర

వేటకాలం ఆఖరి పొద్దున, అమెరికాలోని చెసపీక్ అఖాతం తీరాన కోసేసిన మొక్కజొన్న చేలో గుంట తవ్వుకుని, వెండెల్, అతని చెల్లెలు ఒపల్ నక్కి కూర్చున్నారు. బాతు అరుపును పలికించి గుంపులను పిలిచే బూరను వెండెల్ ఎంత ఊదినా, అడవిబాతులు దూరంగానే తిరిగిపోతున్నాయి.

"మళ్ళీ కీచుమంది! బూరలో పలికే రేకును ఏం చేశావే?"

"తేమ తుడిచి, అంచు ఉప్పుకాగితంతో రుద్దాను. నువ్వు చెప్పినట్టే, అన్నయ్యా."

"మరీ అరగదీసి ఉంటావు."

"అందుకే కొత్త రేకు వేశానుగా!"

"అయితే లోపలికి ఎక్కువ దోపావు. ఈ బూర ఎప్పుడూ ఇలా ఏడవలేదు."

"రాత్రి నేను ఊదితే బాగానే పలికింది."

"నాకే నేర్పుతున్నావా? చిన్నప్పటినుంచీ ఊదుతున్నాను."

"ఊపిరితిత్తి సగం కోయించుకుని ఊదుతున్నది మాత్రం ఈ ఏడే."

వెండెల్ బూరను ఆమె ఒళ్ళోకి విసిరాడు.

"అంత తెలిసినదానివి, నువ్వే ఊదు!"

"ఊదుతాను. వారం నుంచీ తిట్లు తింటున్నది నేనేగా."

ఆమె ఊదింది. వెళ్ళిపోతున్న గుంపు ఒక్కసారిగా రెక్కలు వంచి ఇటు తిరిగింది.

"చూశావా అన్నయ్యా? బూర..."

"వాగకు. ఆపకుండా ఊదు, దిగుతున్నాయి" అన్నాడతను, ఆమె మొహంలోకి చూడకుండా తుపాకీ అందుకుంటూ.