రెండు మడమ చప్పుళ్ళు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా దర్శకులుగారికీ, నా మీద అభిమానంతో ఇంత దూరం వచ్చిన ముఖ్య అతిథి విశ్రాంత న్యాయమూర్తిగారికీ, దీపాలవాళ్ళకీ, తెర లాగేవాళ్ళకీ, మేకప్ గది పెద్దమ్మకీ, మొదటి వరస చివరి కుర్చీలో కూర్చున్న మా గంటన్నకీ, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్న మా వదినకీ నమస్కారాలు.

మాట్లాడటం నాకు చేతకాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ నాటకశాలలో నేను చేసిందంతా గుసగుస, అదీ వేరేవాళ్ళ మాటలతో. (నవ్వులు) జడ్జిగారికి మా పని తెలియకపోవచ్చు కాబట్టి చెబుతాను. వేదిక ముందు అంచున నడుము లోతు గొయ్యి ఉంటుంది, పైన మీకు కనబడకుండా చెక్క మూత ఉంటుంది, అందులో చిన్న దీపం, ఒక స్టూలు, నాటకం రాసిన పుస్తకం, నేను. నటుడు మాట మరిచిపోతే అందించాలి. అక్కణ్ణించి నాకు మొహాలు సరిగ్గా కనబడవు, కాళ్ళే కనబడతాయి. ఎవరు అబద్ధం ఆడుతున్నారో, ఎవరికి కాళ్ళు వణుకుతున్నాయో, ఎవరి మేజోడుకి చిల్లు పడిందో అన్నీ నాకు తెలుసు. పెద్దమ్మా, నవ్వకు, నీ చెప్పుకి పిన్నీసు పెట్టుకుని వేదికెక్కిన రోజు కూడా చూశాను. (నవ్వులు) అందుకే కాబోలు అందరూ కలిసి నాకు ఈ తోలు బూట్లు బహూకరించారు. చాలా బాగున్నాయి. మడమలు గట్టివి. వీటిని నేను వేసుకోలేను. ఎందుకో చెప్పడానికే ఈ మైకు ముందు నిలబడ్డాను.

మన నాటక సమాజానికి పేరు తెచ్చినవి భయం నాటకాలు. పాడుబడ్డ భవంతులు, మతి తప్పిన యజమానులు, ఏళ్ళ తరబడి కడుపులో పెట్టుకున్న పగలు. ఆ కథల్లో తప్పు చేసినవాడు చివర్లో గుండెలు బాదుకుని ఒప్పేసుకుంటాడు, తెర పడుతుంది, జనం గొడుగులు వెతుక్కుని ఇంటికి పోతారు. తెర పడకపోతే వాడు మర్నాడు పొద్దున లేచి పళ్ళు తోముకుని పనికి వెళ్ళాలి కదా, ఆ సంగతి ఏ రచయితా రాయలేదు. అది నాకు తెలుసు.

మా దర్శకులుగారి కట్టుబాటు ఒకటుంది. నటుడు ఆగినంత మాత్రాన మాట అందించకూడదు, కావాలనే ఆగి ఉండొచ్చు. అతను మడమతో రెండుసార్లు నేలను తట్టాలి. టక్, టక్. అప్పుడే నోరు తెరవాలి. దర్శకులుగారూ, అవునా? (అధ్యక్షులు తల ఊపారు.)

ఇప్పుడు గంటన్న సంగతి. ఆ గొంతు మోగితే చివరి వరసలో నిద్రపోయేవాళ్ళు కూడా లేచేవాళ్ళు, అందుకే ఆ పేరు. నేను గోతిలో దిగినవాణ్ణే గానీ గోతిలో పుట్టినవాణ్ణి కాదు. పదిహేడేళ్ళ కిందట నాకూ ఒక వేషం ఇచ్చారు, చిన్నదే, ఆరు మాటలు. రిహార్సల్లో నా నాలుక తడబడింది. గంటన్న అందరి ముందూ భుజం తట్టి, "తమ్ముడూ, నీ గొంతు గోతిలోనే బాగుంటుందిరా" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన ఆ మాట భోజనానికి లేచేలోపే మరిచిపోయాడు. నేను మూడేళ్ళు దాచుకున్నాను.

తర్వాత ఆ నాటకం వచ్చింది. అన్న తనను పదిమందిలో నవ్వులపాలు చేశాడని ఒక తమ్ముడు అతన్ని ఇంటి కింది గదిలో పెట్టి తాళం వేస్తాడు. చివరికి ఆ తమ్ముడికే మతి చలించి, అదే గది తలుపు బాదుతూ ఒక్క వాక్యం చెబుతాడు, దానితో నాటకం అయిపోతుంది. తమ్ముడి వేషం గంటన్నది. మధ్యాహ్నం మూడింటికి మొదటి ఆట. పన్నెండింటికి దర్శకులుగారు ఆ చివరి వాక్యం మార్చేశారు. కొత్త వాక్యం రాసి ఉన్నది ఒక్క నా పుస్తకంలోనే. ఆటకి ముందు గంటన్న గోతి దగ్గర గొంతుక్కూర్చుని, "తమ్ముడూ, పాతదే నోట్లో తిరుగుతోంది, ఆ ఒక్కటీ నీ మీద వదిలేస్తున్నా" అన్నాడు. సరే అన్నాను.

దర్శకులుగారూ, మీరు గడియారం చూసుకుంటున్నారు. కొంచెం ఓపిక పట్టండి, ఇది పద్నాలుగేళ్ళుగా వాయిదా పడిన పని.

ఆయన తలుపు దగ్గరికి వచ్చాడు. టక్, టక్. నా వేలు ఆ వాక్యం మీదే ఉంది. నోరు తెరవలేదు. మళ్ళీ తట్టాడు. ఆ బూట్లు నా మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి. అయిదోసారికి జనంలో ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. నేను లెక్కపెట్టాను, పదకొండు సార్లు తట్టాడు. ఎంత హాయిగా ఉందో చెప్పమంటారా? చెప్పకపోతే ఇదంతా చెప్పీ దండగ. చాలా హాయిగా ఉంది. తెర పడేదాకా.

పగ అంతటితో ఆగిపోయి ఉంటే ఏదో ఒకనాడు కాళ్ళు పట్టుకుని బయటపడేవాణ్ణేమో. తెర వెనక ఆయన వచ్చి నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "అందించావా తమ్ముడూ?" అని అడిగాడు, అంతే. మీరంతా చుట్టూ ఉన్నారు. "మూడుసార్లు అందించానన్నా, నీకు వినబడలేదు" అన్నాను. మీరు నన్ను నమ్మారు. ఆయన కూడా నమ్మాడు. ఆ మనిషిని పాడు చేసింది ఆ రోజు నవ్విన నవ్వులు కాదు జడ్జిగారూ, ఆ నమ్మకం.

చెవుల డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళింది కూడా నేనే. యంత్రం చిన్న చప్పుడు చేసినప్పుడల్లా వేలెత్తమన్నారు, ఒక్కటీ వదలకుండా ఎత్తాడు. చెవులు ఇరవయ్యేళ్ళ వాడికి ఉన్నట్టున్నాయి అన్నాడు డాక్టరు. ఎవరైనా సంతోషిస్తారు. గంటన్న బయటికి వచ్చి బల్ల మీద కూర్చుని, "చెవులు బాగుంటే మరి నాకు వినబడలేదేం? పోయింది ఇదన్నమాట" అని కణత మీద వేలు పెట్టుకుని ఏడ్చాడు. ఆయన కోటు నా చేతిలోనే ఉంది. అప్పుడైనా చెప్పొచ్చు. "ధైర్యంగా ఉండన్నా" అన్నాను.

ఆ తర్వాత ఏడు నెలలు ఆసుపత్రి. మళ్ళీ వేదికెక్కలేదు. మీరంతా తాగుడు అనుకున్నారు, ముసలితనం అనుకున్నారు. నేను ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి పాత నాటకాలు చదివి వినిపిస్తూ వచ్చాను, ఇందాక అధ్యక్షులవారు నా మంచితనానికి ఉదాహరణగా చెప్పింది అదే. ఆయన కుర్చీలో కూర్చుని మడమతో నేలను తడుతూ ఉంటాడు. రెండుసార్లు తట్టి ఆగుతాడు, మళ్ళీ రెండుసార్లు. కింది వాటావాళ్ళు గొడవ చేస్తే వదిన దుప్పటి మడతపెట్టి కాళ్ళ కింద పరిచింది. "తమ్ముడూ, నువ్వొస్తేనే ఆయన కాస్త నెమ్మదిస్తారు" అంటుంది. నెమ్మదించడం కాదు వదినా. నా నోటివైపు చూస్తూ ఎదురుచూస్తున్నాడు. దుప్పటి ఉన్నా నాకు వినబడుతుంది. ఇంట్లో అన్నం తింటుంటే వినబడుతుంది, బస్సులో వినబడుతుంది. గుడ్డ బూట్లు తప్ప వేసుకోలేకపోయాను. పిచ్చి ఎవరికి పట్టిందని అడిగితే ఏం చెప్పను?

వదినా, లేవకు. లేవొద్దని చెప్పే హక్కు నాకు లేదు, అయినా ఒక్క నిమిషం. అన్నా, ఇటు చూడు. ఆ రోజు నేను అందించలేదు. ఒక్కసారి కూడా అందించలేదు. నీ చెవులు బాగున్నాయి, నీ బుర్ర బాగుంది. వినడానికి అక్కడ ఏమీ లేదు. అబద్ధం ఆడాను. నీ పద్నాలుగేళ్ళు నేను తినేశాను.

(సభలో కలకలం. అధ్యక్షులు లేచి నిలబడ్డారు.)

దర్శకులుగారూ, దయచేసి మైకు తియ్యకండి.

(మొదటి వరసలోంచి మడమ చప్పుడు. రెండుసార్లు. సభ ఒక్కసారిగా సద్దుమణిగింది.)

విన్నారా అందరూ? ఇది నాకు ఒక్కడికే వినబడిన చప్పుడు కాదు కదా?

(వక్త మైకు పక్కకు తిప్పి, వేదిక అంచున మోకాళ్ళ మీద కూర్చున్నారు. గుసగుసగా:)

"తలుపు తియ్యండి. లోపల ఉన్నది మా అన్న కాదు, నేను."

(మొదటి వరసలోంచి, హాలు చివరిదాకా మోగేలా: "వినబడింది.")

(ఆయన చెయ్యి పట్టుకుని లేపుతూ ఆయన భార్య: "వచ్చే ఆదివారం నువ్వు రావొద్దు. ఇక ఎప్పుడూ రావొద్దు.")

రాను వదినా.

ఇంత చెప్పినా కుర్చీలు విసరకుండా కూర్చున్న మీ అందరికీ రుణపడి ఉంటాను. అధ్యక్షులవారూ, సన్మానపత్రం చదవకండి, మడిచి జేబులో పెట్టుకోండి. బూట్లు ఈ బల్ల మీదే వదిలేస్తున్నాను. తలుపు దగ్గరున్న వాళ్ళు కాస్త పక్కకి జరగండి, ముందు గంటన్నని వెళ్ళనివ్వండి. ఆయన నడుస్తుంటే చూడండి, మడమ తట్టడం లేదు.

నాకు ఇది చాలు. సెలవు.