మూసిన రూముల కుంపటి

ఇంతవరకు ఎవ్వరికీ చెప్పని మాట ఒకటుంది. కామారెడ్డిల మేముండే లేడీస్ హాస్టల్ల, పోయిన వారం స్నానం చేసుకుంట చేసుకుంట కింద పడిపోయిన. కండ్లు తెరిచేసరికి నా రూమ్మేట్ లావణ్య మొఖం మీద నీళ్లు కొడ్తున్నది. "పొద్దుటి నుంచి తినలే, అందుకే" అన్న. అబద్ధం. కడుపునిండ తిన్న. హాస్టల్ చూసుకునేది నేనే. అందుకే ఓనరక్క నన్ను కిరాయి లేకుంట ఉండనిస్తున్నది. బాత్‌రూంల ఏదో తేడా ఉందంటే ఉన్న నీడ పోతదని భయం.

ఆదివారం ఎల్లారెడ్డి వచ్చిన. మా అవ్వ, అమ్మకు తల్లి, ఒకప్పుడు కామారెడ్డిల దవాఖాన పక్క లాడ్జిల రూములు ఊడ్చేది. "అవ్వా, అప్పుడు లాడ్జీలకు రూల్స్ గిట్ల ఉండెనా?" అని అడిగిన, నేను పడ్డ సంగతి బయటపెట్టకుంట.

"ఉండకేం బిడ్డా! మున్సిపాలిటీ నుంచి తనిఖీకి ఒక సారు వస్తుండె. పేరు... ఇడువు, యాదికొస్తలేదు. సన్నగ, ఎప్పుడు చూడు గొడుగుతోని. వచ్చుడే గాలికన్నాలు చూస్తుండె. రూముల పొయ్యి పెట్టొద్దు, కుంపటి పెట్టొద్దు, కన్నం మూయొద్దు. 'ఏం సారూ, కన్నాలు చూసెతందుకే సర్కారు నీకు జీతమిస్తదా' అని నాతోని ఊడ్చే రాజవ్వ మొఖం మీదనే అంటుండె. రాజవ్వ ఎర్కేనా, నీకు సకినాలు పెట్టేది... ఆఁ, ఆమెనే. పోయింది పాపం.

"ఏం చెప్తున్న? ఆఁ, కన్నాల సంగతి. ఒకపారి ఒక బాలెంత వచ్చింది. చలికాలం. బిచ్కుంద దిక్కోళ్లు. దవాఖానల నుంచి పంపిచ్చిండ్రు, పొద్దుగూకి బస్సు దొరకలె, లాడ్జిల దిగిండ్రు. అత్త, కోడలు, పసిగుడ్డు. మనోళ్ల సంగతి తెల్సుగదా, బాలెంతకు గాలి తగలనియ్యరు, మంచం పక్కన నిప్పులు పెడ్తరు. ఇంట్ల అయితే పెంకుల సందులకెల్లి గాలాడుతది. లాడ్జిది సిమెంటు రూమాయె! గా అత్త మేనేజర్ కండ్లు గప్పి కుంపటి దెచ్చింది. గాలికన్నంల పాత చీర కుక్కింది, దర్వాజ కింది సందుకు గోనెసంచి పెట్టింది. ప్రేమ బిడ్డా. కోడలుకు చలి పెట్టొద్దని.

"పొద్దుగాల చాయ్ ఇద్దామని దర్వాజ కొట్టిన. పలుకలే. మళ్ల కొట్టిన. ఆఖరికి పలగ్గొట్టిండ్రు. అయ్యో బిడ్డా... పొగ లేదు, వాసన లేదు, ఏమీ లేదు! గా అత్త కుంపటి పక్కన చాప మీద పండుకున్నది పండుకున్నట్టే. మొఖం ఎర్రగ, ఇప్పుడే ఎండలకెల్లి వచ్చినట్టు. ముట్టుకుంటే సల్లగ. కోడలు మూలుగుతున్నది. పిల్ల ఏడ్వనే ఏడ్వలే. ఎత్తుకొని బయటికి ఉరికిన. శానాసేపటికి కుయ్యిమన్నది. మూసిన రూముల నిప్పు విషపు గాలి ఇడుస్తదట, డాక్టరమ్మ చెప్పింది. తలకాయ నొస్తదట, కాళ్లు మెత్తగైతయట, లేద్దామన్నా లేవరాదట."

నా కాళ్లు గూడ గట్లనే మెత్తగయినయ్ ఆ రోజు.

"అవ్వా, గ్యాసు మంటైతే?"

"మంట మంటే గద బిడ్డా. మొఖం ఏంది గట్ల పెట్టినవ్?"

మా బాత్‌రూంల గ్యాస్ గీజరున్నది. చలి కొడ్తుందని హాస్టల్ పిల్లలంటే గాలికన్నానికి అట్టముక్క పెట్టి టేపు అంటించింది నేనే. నేను పడ్డది ఆ తెల్లారే. అప్పట్నించి లావణ్య తలనొప్పి అంటనే ఉన్నది. గోలి తెచ్చిచ్చింది గూడ నేనే.

"ఏం లేదవ్వా."

"ఏం లేకుంటే మంచిదే. సల్లగుండు బిడ్డా, నువ్వూ నీ తోటి పిల్లలూ..."

పొద్దుగూకుతున్నది. లావణ్య డ్యూటీ నుంచి వచ్చి స్నానానికి పోయే యాళ్ల. ఓనరక్క ఎల్లగొడితే ఎల్లగొట్టనీ. అవ్వ ఇంకా దీవిస్తనే ఉన్నది, నేను ఫోన్ అందుకున్న. ముందు గీజర్ ముట్టొద్దనాలె, అట్ట పీకెయ్యమనాలె. ఆ తర్వాత, ఆ రోజు నేను కడుపునిండ తిన్నననాలె.