ఎవరి కుర్చీ వాళ్లదే

వీధి పెద్దలకూ, ముందు వరసలో ఉన్న మన టైలరక్క భర్త బావగారికీ, అక్క కూతురికీ, మీ అందరికీ నమస్కారం.

ఈ హాలు నిండా కుర్చీలున్నాయి. అయినా మీలో సగంమంది ఇంటి నుంచి కుర్చీ మోసుకొచ్చారు. గుమ్మం దగ్గర చూసి నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. అలవాటు మరి! టైలరక్క పిలిచిందంటే కుర్చీ పట్టుకుని బయల్దేరడమే కదా మనకు తెలిసింది? ఇవాళ పిలవడానికి అక్క లేదు.

చెప్పుల కొట్టువాణ్ణి, నాకు ఉపన్యాసాలు రావు. అక్క కొట్టుకి ఎదురు కొట్టు నాది. ఆవిడ మిషను చప్పుడు వింటూ షట్టరెత్తడం నాకలవాటు. ఆ మిషను మీదే తల వాల్చి ఆవిడ వెళ్లిపోయిన దగ్గర్నుంచి షట్టరెత్తబుద్ధి కావడం లేదు.

మెట్రో లాంటి ఆ లైట్ రైలు మన వీధిలోంచే పోతుందని, అక్క వైపు కొట్లన్నీ పడగొడతారని తెలిసిన రోజు మనమేం చేశాం? అరిచాం. రాళ్లేద్దామన్నవాళ్లూ ఉన్నారు. పేర్లు చెప్పను, ఇక్కడే తలొంచుకుని కూర్చున్నారు. అక్క మాత్రం మిషను ముందుండే తన కుర్చీ తెచ్చి నడివీధిలో వేసుకుంది. "ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకోండి. అద్దె కుర్చీ ఎవరన్నా ఎత్తుకుపోతే మనకేం నొప్పి? సొంతదైతే వదుల్తామా?" అంది. "రైలు మీద నాకేం పగ? వెనక పెద్దరోడ్డు మీద వెయ్యమనండి, మొదట నేనే ఎక్కుతా" అనేది.

కొలతలు తీసే ఇంజినీరు గారు ఒకరోజు మన కుర్చీలు దాటబోయి ప్యాంటు చింపుకున్నారు. మనమంతా ఒకటే ఈలలు! అక్క కసిరింది. "నోళ్లు ముయ్యండి. ఏ తల్లి కన్న బిడ్డో!" అని ఆయన్ని కొట్లోకి తీసుకెళ్లి, తెరచాటున నిలబెట్టి, ప్యాంటు కుట్టిచ్చింది. ఇచ్చి, వచ్చి, మళ్లీ ఆయన దారికి అడ్డంగానే కూర్చుంది. ఆయన ఇవాళ వచ్చారు, గోడవార నిలబడ్డారు. రండి బాబూ, ముందుకు రండి. ఇవాళ మిమ్మల్నెవరూ ఏమీ అనరు.

గోడ మీద పడగొట్టే గుర్తు వేసి పోయాక కూడా ఆవిడ బట్టలు తీసుకోవడం మానలేదు. మా మనవరాలి బడి గౌనుకి అంచు లోపలికి బాగా మడిచి కుట్టింది. "పిల్ల ఎదుగుతుంది తమ్ముడూ. వచ్చే ఏడు తీసుకురా, మడత విప్పుతా" అంది. ఎక్కడికి తీసుకురమ్మంటావక్కా? కొట్టుండదన్నారు. ఇప్పుడు నువ్వూ లేవు. ఆ గౌను దండెం మీద కనబడితే నా గుండె తరుక్కుపోతోంది.

రేపు పొద్దున యంత్రాలొస్తున్నాయి. మొదట పడగొట్టేది అక్క కొట్టే. ఆపగలమో లేదో నాకు తెలీదు, ఆవిడ పేరు చెప్పి అబద్ధమాడలేను. కానీ మీరు తెచ్చిన కుర్చీలు ఇళ్లకు తీసుకెళ్లకండి. వెళ్తూ వెళ్తూ అక్క కొట్టు ముందు వేసి వెళ్లండి.

రేపు కూర్చుందాం. ఇన్నాళ్లూ మనల్ని కూర్చోబెట్టిన మనిషి కోసం, ఇప్పుడు మాత్రం, చప్పుడు చెయ్యకుండా, అందరం ఒక్కసారి లేచి నిలబడదాం.