సోములు మోసిన కుండ

1968, శ్రావణమాసం. నరసన్నపేట దగ్గర ఒక పల్లె. ఎండిన నారుమడి గట్టు మీద సోములు, అతనితో కాలేజీలో పరుగుపందేలు ఆడి ఇప్పుడు రాకెట్ల ఇంజనీరైన సూర్యారావు.

"ఇటు సూసి సెప్పరా సోములూ. నా రాకెట్టు ఆకాశానికి బొక్కెట్టేసినాదని ముందు ఎవులన్నారు?"

"ఊరంతా అంటన్నాది. ఊరి నోరు మూయగలమేటి?"

"ముందు ఎవులన్నారని అడుగుతన్నాను."

"ఎండ మాడిపోతన్నాది. పద, నీడకెల్దుం."

"మాట దాటీకు. మాయమ్మని నూతి కాడికి రానివ్వట్లేదట. నీ కొడుకు వాన తరిమీసినాడు, నీకు నీల్లెందుకన్నారట. ఎవులన్నారమ్మా అంటే, పోనీరా అంటాది."

"పొద్దున్నే రెండు కడవలు నానే తోడి పెడతన్నాను."

"నువ్వా? అమ్మ సెప్పనేదే!"

"సెప్పదు."

"నేను సేసేది రాకెట్టు వంకరపోకుండా రెక్కలు బిగించే పనిరా! దానికీ వానకీ ఏటి సమ్మంధం? రేపు రామకోవెల కాడ అందరికీ ఇడమర్సి సెప్తాను."

"వద్దురా."

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు. రాకెట్టు కాదని నువ్వు ఒప్పించీసినావనుకో... మరింకెందుకు పడనేదు వాన అంటారు. మల్లీ అమ్మోరి కుండ కాడికే వస్తారు."

"కుండకేటయినాది? వాన కోసం ఏటి కాడ ముంచి, కింద దించకుండా అమ్మోరి కోవెల దాకా పరిగెత్తడమే కదా. ఏటేటా నేను తేనేదా?"

"నువ్వు తెచ్చినావు. కాలేజీలో కప్పులూ నీవే, ఊర్లో కుండా నీదే. నానెప్పుడూ నీ ఎనకాలోన్నే. ఈ ఏడూ వస్తానన్నావు. బస్సు కాడ కాసుకున్నాం."

"ఆ రోజు రాకెట్టు ఎగరేసినాం రా..."

"సెలవియ్యనేదా?"

"అడగనేదు. అడిగితే ఇచ్చీవోరే. నేనే... ఉండిపోయినాను."

"నన్నెత్తుకోమన్నారు. ఎత్తుకున్నాను. కోవెల ముందే జారినాను. అందరి ముందరా... ముక్కలైపోనాది."

"ఓరి నాయనా."

"వాన పడనేదు. ఎలేస్తామన్నారు. ఊరు ఇడిసి పొమ్మన్నారు. ఇంట్లో అది నెలలు నిండిన మనిషి. దాన్నట్టుకొని ఎక్కడికెల్తాన్రా?"

"అందుకని నా రాకెట్టు మీద తోసీసినావు. నువ్వే కదూ?"

"నానే. కొట్టు. కొట్టీరా, కొట్టీ!"

"నన్నన్నావు, పోనీ. నేను అక్కడున్నాను. మాయమ్మ ఇక్కడుందిరా! నువ్వు ఆ మాటంటే దాని గతేటవుతాదో ఒక్కపాలి అనుకున్నావేటి?"

"అనుకున్నాను. అదే అన్నాను కూడాను."

"ఎవులితో అన్నావు?"

"మీ అమ్మతోనే. నాకా మాట సెప్పమన్నాది ఆవిడేరా. 'నూతికి రానీకపోతే ఏటి నీల్లు మోసుకొని నాను బతికీగల్ను, నా కొడుకు పేరు సెప్పీ సోములూ' అన్నాది. 'ఆడు మొయ్యాల్సిన కుండే కదా' అన్నాది."