మ్యూట్‌లో జోగి

కాకినాడలో ఓ మేడమీది స్టూడియో. మధ్యాహ్నం పూట పాటని మిక్సింగ్ చేస్తున్నాయన, ఆ పాట పాడిన అమ్మాయి.

"మా తమ్ముడి బేస్ గిటార్ తీసెయ్యమన్నాను కదండీ. ఇంకా వినిపిస్తోంది."

"తీసేశానమ్మా. ఇదిగో, జోగి ట్రాక్ మ్యూట్‌లోనే ఉంది. మీరు కొత్తగా వాయింపించిందే పెట్టాను."

"దాని వెనకాల వినండి. రెండో చరణంలో ఆలస్యంగా మీటేది వాడే."

"పేరు జోగేశ్వరరావు కదా. జోగుతూ వాయించేవాడు."

"నవ్వించకండి. వాడు పోయాక ఇంట్లో ఈ పాట పెట్టుకోలేకపోతున్నాం. అందుకే మార్పించాం."

"సామర్లకోట రైస్‌మిల్లు గొడౌన్లో రికార్డు చేసినప్పుడు అందరూ ఒకేసారి వాయించారు. వాడి శబ్దం డ్రమ్స్ మైకుల్లోకి వెళ్లి కూర్చుంది. వాణ్ణి తియ్యాలంటే డ్రమ్స్ కూడా తియ్యాలి."

"తీసెయ్యండి, అవి మళ్లీ వాయిస్తాం."

"మీరు పాడిన మైకులోనూ ఉన్నాడమ్మా. మన రాక్‌లో రాకే గానీ పోక లేదు."

ఆయన నవ్వబోయి ఊరుకున్నాడు. పాట మళ్లీ మొదటినుంచి నడిచింది.

"సార్, ఆ కొత్త గిటారు తీసెయ్యండి."

"తీశాను. ఇప్పుడు వాడు ఎక్కడో గోడవతల ఉన్నట్టున్నాడు. వాడి ట్రాక్ తెరవనా?"

"తెరవండి."

"ఇక మీ గొంతు. ఇక్కడికొచ్చే సింగర్లందరూ పెంచమనేవాళ్లే. ఎంత పెంచమంటారు?"

"తగ్గించండి. వాడు ఆలస్యంగా వస్తాడు. వచ్చినట్టు తెలియాలి."